వెనక్కి తీసుకున్న తిట్టు

సభ్యతా సంరక్షణకు బాధ్యులైన అధికారుల దివ్యసముఖానికి,

నంద్యాల పట్టణంలో తెలుగు ఉపన్యాసకుడుగా పనిచేస్తున్న చెన్నకేశవులు మిక్కిలి వినయంతో చేసుకునే మనవి.

తమరి పేరు, హోదా, ప్రస్తుత విలాసం నాకు తెలియవు. 1955లో కర్నూలు నుంచి నాకు ఉత్తరువు వచ్చినప్పుడే దాని అడుగున ఉన్న సంతకం చదవడానికి వీలుగా లేదు. మరుసటి ఏడు రాజధాని హైదరాబాదుకు తరలిన తరువాత ఆ సంతకం చేసిన చేయి ఎక్కడ ఉన్నదో కూడా విచారణలో తేలలేదు. ఉత్తరువు మాత్రం నా వద్ద భద్రంగా ఉంది. జిల్లాలో వాడుకలో ఉన్న బూతుమాటలను సేకరించి, ఒక్కొక్క మాటకు పుట్టుక, కాలక్రమంలో మారిన అర్థం, దానికి బదులుగా ప్రజలు వాడవలసిన సభ్యమైన మాట చూపుతూ మూడు ప్రతులు పంపవలెనని దాని సారాంశం.

పట్టిక తయారు కాలేదు. పుట్టుకలు దొరికాయి గాని, అర్థాలు ఒకచోట కుదురుగా కూర్చోలేదు. కారణం విశదం కావడానికి, ఆళ్ళగడ్డలో కాపురమున్న మా మేనత్త రామలక్ష్మమ్మకూ నాకూ మధ్య నడిచిన ఉత్తరాలను ఇందుతో జతపరుస్తున్నాను. ఆమెకు చదువు రాదు. ఆమె చెబుతూ ఉండగా, పక్కింట్లో ఉండే మిషన్ బడి ఉపాధ్యాయిని జీవరత్నం గారు వ్రాశారు. చిత్తగించవలెను.

•

నంద్యాల,
9 మార్చి 1955

పూజ్యురాలైన అత్త రామలక్ష్మమ్మ గారికి చెన్నకేశవులు నమస్కరించి వ్రాసేది.

ఇక్కడ అందరమూ క్షేమం. మీ పద్మకు దొర్నిపాడు సంబంధం ఖాయమైనదని నాయన చెప్పగా విని సంతోషించాను. మామ లేని లోటు తెలియకుండా నాయన, అమ్మ పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తారు. పెండ్లికొడుకు మద్దిలేటి నెమ్మదస్తుడనీ, కుందూ ఒడ్డున వాళ్ళకు మంచి భూమి ఉన్నదనీ తెలిసింది.

ఇక నా సంగతి. బూతుమాటల చరిత్రను పరిశీలించే బాధ్యతను ప్రభుత్వం నా మీద ఉంచింది. ఈ మాటలు పుట్టినప్పుడు ఎంత శుభ్రంగా ఉన్నాయో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. 'సాని' అన్న మాటను తీసుకోండి. అది 'స్వామిని' నుంచి వచ్చింది. రాణులకూ, గొప్పింటి ఆడవాళ్ళకూ శాసనాలలో ఆ మాట చెక్కారు. దేవుని సన్నిధిలో ఆడేవాళ్ళకు అది పేరయింది, తరువాత వాళ్ళ బ్రతుకుతో పాటు అదీ దిగజారింది. 'దొర' పక్కన నిలబడ్డప్పుడు మాత్రం నేటికీ దాని మర్యాద చెడలేదు. 'మిండడు' కూడా మొదట ఒట్టి పడుచువాడే. తరువాత ప్రియుడయ్యాడు, ఆపైన గోడ దూకాడు. 'తగులు' అంటే పూర్వం మమకారం. ఇప్పుడు పంచాయతీ.

చిన్నతనంలో వేసవి సెలవులకు మీ ఇంటికి వచ్చినప్పుడు, పంచలో ఆడవాళ్ళందరూ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ పాడుతుంటే, నేను గోతాల మీద పడుకుని నిద్ర నటించేవాణ్ణి. ఈ శాస్త్రంలో నా మొదటి పాఠశాల అదే. పెండ్లి బంతిలో తిట్టు పాటలకు చుట్టుపక్కల మీకు సాటి లేరు. జ్ఞాపకమున్నవన్నీ చెప్పి వ్రాయించి పంపవలెనని కోరిక. దయచేసి కార్డు మీద వద్దు. కవరులో పెట్టండి. తపాలా శాఖవారు చదువుకున్నవారు.

తమ విధేయుడు,
చెన్నకేశవులు

•

ఆళ్ళగడ్డ,
24 మార్చి 1955

నాయనా చెన్నకేశవా,

నీ జాబు టీచరమ్మ చదివింది. బూతుమాటలకు ఉద్యోగమిస్తారని ముందే తెలిసుంటే మీ మామను సేద్యం చేయనిస్తునా, నేనే కచ్చేరికి పోయి కుర్చీలో కూచుందును గదా.

పాటలు చెప్తాండా. టీచరమ్మ కొన్ని మాటలు రాయనంటాంది. ఆడంతా చుక్కలు పెడతాండాది. ఆ యమ్మ నీలుగుడు చూస్తే నాకు నవ్వొస్తాంది. "అక్కా, ఈ చేత్తో పిల్లలకు అ ఆలు దిద్దించల్ల" అంటాది. అవే అచ్చరాలు గదమ్మా ఇవీనూ అంటే పలకదు.

(వ్రాయకపోవుటకు నాకు కారణములు కలవు. — జీ.)

అయినా పాటలు కాగితం మీద ఏందీ నీకు. పెండ్లికి రా. బంతిలో మొగపిల్లోని వాళ్ళు కూచోని, ఓళిగలు వడ్డించినాంక మేం ఎత్తుకుంటాం. ఒగొగరినీ ఊరి పేరు, తండ్రి పేరు చెప్పి తిట్టల్ల. తిట్టించుకోనోడు బువ్వలో చెయ్యి పెట్టడు. సంజామల పెండ్లిలో ఒగ ముసలాయన్ను మరిచిపోతిమి. నన్ను సుట్టం కింద లెక్కబెట్టల్యా అని ఇస్తరి ముందర కూచోని ఏడ్చె. పొయ్యికాడుండే ఆడోళ్ళంతా ఉరికొచ్చి, వాళ్ళ ముత్తాతను గూడా కలిపి తిడితే గానీ కుదుటపడ్లేదు. తిట్టుతోనే సుట్టరికం ముడిపడేది నాయనా. పంతులు వేసే ముడి పిల్లకూ పిల్లోనికీ. మేం వేసే ముడి రెండూర్లకు.

నన్ను పసుపు దంచేకాడికి రానియ్యరు. తలంబ్రాలకాడికి రానియ్యరు. నా బిడ్డ పెండ్లే అయినా తెరసాటున నిలబడల్ల, ముండమోసినదాన్ని గదా. బంతికాడ తిట్టేదానికి మాత్రం రామలక్ష్మమ్మ యాడ, రామలక్ష్మమ్మ యాడ అని అడుగుతారు. పెండ్లిలో నాకు మిగిలిండేది ఆ పొద్దు ఒగటే. నువ్వొచ్చి పక్కన కూచోని రాసుకో. ఊరికే కూచో.

ఇంతే సంగతులు.
రామలక్ష్మమ్మ వేలిముద్ర

•

నంద్యాల,
2 జూన్ 1955

పూజ్యురాలైన అత్త గారికి,

పెండ్లి నుంచి ఆ సాయంత్రపు బస్సుకే తిరిగి రావలసి రావడం వల్ల మీతో మాట్లాడి సెలవు తీసుకోలేకపోయాను. నా సమయస్ఫూర్తి వల్ల బంతిలో ఒక పెద్ద రభస తప్పిపోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అయినా శాస్త్రం కోసం వివరంగా వ్రాసి ఉంచుతున్నాను.

మీరు మొదటి చరణంలో పెండ్లికొడుకు తల్లి శివమ్మ గారిని 'సాని' అన్నారు. రెండవ చరణం పెండ్లికొడుకు పెదనాయన రంగయ్య గారి పేరుతో ఎత్తుకుని, ఆయన ఇల్లాలికి మిండలను అంటగట్టబోతున్నారు. ఆ క్షణంలో రంగయ్య గారు మెడ ముందుకు చాచి, చెవి దగ్గర చేయి పెట్టుకుని, నొసలు ముడిచారు. రాబోయే కోపానికి ఇవి లక్షణాలని గ్రహించి నేను లేచి నిలబడ్డాను. సాని అంటే ప్రభువుల ఇల్లాలనీ, మిండడంటే కేవలం వయసులో ఉన్నవాడనీ, అందువల్ల మా అత్త చేసినది తిట్టు కాదు, సత్కారమనీ, శాసనాల ఆధారంతో వివరించాను.

రంగయ్య గారు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "అయితే తిట్లేదంటావా?"

"లేదండీ, ప్రమాణం చేస్తాను" అన్నాను.

"సరేప్పా" అని ఆయన ఇస్తరి ముందు నుంచి లేచారు. ఆయన వెంట అందరూ లేచారు. పల్లెటూరి జనంలో ఇంతటి సంయమనం నేను ఎన్నడూ చూడలేదు. సరైన వివరణ దొరికితే మనుషులు ఎంత త్వరగా శాంతిస్తారో దీనివల్ల రుజువైంది.

పద్మ దొర్నిపాడులో సుఖంగా ఉన్నదని తలుస్తాను.

తమ విధేయుడు,
చెన్నకేశవులు

•

ఆళ్ళగడ్డ,
19 జూన్ 1955

చెన్నకేశవా,

పద్మ దొర్నిపాడులో లేదు. ఈడనే ఉండాది. నా ఎదురుగా కూచోని బియ్యంలో రాళ్ళు ఏరతాంది. ఏరిన బియ్యమే మళ్ళా ఏరతాంది.

నువ్వు బస్సెక్కినాంక వాళ్ళు బండ్లు కట్టినారు. ఇస్తర్లలో ఓళిగలు వేసినయ్యి వేసినట్లే ఉండాయి. పిల్లను బండెక్కించండని మీ నాయన పోయి అడిగినాడు. శివమ్మ నాకాడికొచ్చి, ఏమనిందో ఒగ మాట పోకుండా చెప్తాండా, ఇను.

"వదినా, మా ఊర్లో పదిమందికి చెప్పుకోని వచ్చినాం, ఆళ్ళగడ్డ రామలక్ష్మమ్మ నోట తిట్టించుకోనొస్తాం అని. తిట్టినట్టే తిట్టి, మీ పండితునితో తిట్టలేదనిపిస్తిరి. మర్యాద చేస్తిరి. మర్యాద ఎవురికి చేస్తారమ్మా? తాసిల్దారుకు చేస్తారు. మేం సుట్టాలం కాదని బంతిలో ప్రమాణం చేసి చెప్పించినారు గదా. సుట్టాలు గానోళ్ళ పిల్లను మేం యాడికి తోలకపోయేది?"



తిట్టలేదని వాళ్ళకు కోపం. తిట్టినాంక వెనక్కి తీసుకుంటిరని కోపం. పద్మకు కాపురం ల్యాకుండా పోతాంది నాయనా. నువ్వేం రాయొద్దు, ఏం చెప్పొద్దు. నేను చూసుకుంటా.

రామలక్ష్మమ్మ వేలిముద్ర

•

నంద్యాల,
28 జూన్ 1955

పూజ్యురాలైన అత్త గారికి,

మీ ఉత్తరం చదివి చాలా చింతించాను. అందులో ఒకచోట వ్రాయసంలో పొరపాటు దొర్లినట్టు గమనించాను. 'తిట్టలేదని వాళ్ళకు కోపం' అని ఉంది. 'తిట్టిందని వాళ్ళకు కోపం' అని ఉండవలె. ప్రాచీన ప్రతులలో కూడా ఇటువంటివి తరచు కనబడతాయి. సందర్భాన్ని బట్టి దిద్దుకుని చదువుకున్నాను. జీవరత్నం గారిని ఏమీ అనవద్దు.

కోపానికి కారణం తిట్టే అయినప్పుడు మార్గం సులభం. దొర్నిపాడు రంగయ్య గారి పేర వివరమైన క్షమాపణ పత్రం ఒకటి వ్రాశాను. మా కుటుంబంలో ఎవరికీ వారిని ఒక్క మాట అనే ఉద్దేశం గతంలో లేదనీ, ఇకముందు ఉండబోదనీ హామీ ఇచ్చాను. పత్రంలోని ప్రతి మాటకూ పూర్వార్థం వేరే కాగితం మీద జతచేశాను. రిజిస్టరు చేయించి, ముట్టినట్టు సంతకం కూడా తెప్పించుకుంటున్నాను. వారం రోజులలో బండి వస్తుంది. పద్మను పెట్టె సర్దుకోమనండి.

తమ విధేయుడు,
చెన్నకేశవులు

•

ఆళ్ళగడ్డ,
11 ఫిబ్రవరి 1956

నాయనా,

ఇన్నాళ్ళు జాబు రాయించలేదు. కోపం తగ్గినాంక రాయిస్తామని ఉంటి. తగ్గలేదు గానీ రాయిస్తాండా.

(వ్రాతలో పొరపాటు లేదు. అక్క చెప్పినది చెప్పినట్లే వ్రాసితిని. — జీ.)

నీ క్షమాపణ ముట్టింది. పోస్టాయన సంతకం అడిగితే, రంగయ్య ఏదో కోర్టు తాఖీదు అనుకోని ఊర్లో పెద్దమనుసులను పిలిపించి అందరి ముందర చదివించినాడంట. "ఇకముందు కూడా తిట్టము" అని ఉండాదంటనే. శివమ్మ మొన్న సంతలో కనబడిన మన ఊరామెతో చెప్పి పంపింది: "క్షమాపణ సుట్టాలకు చెప్తారా? బస్సులో కాలు తొక్కినోళ్ళకు చెప్తారు." అంతే, ఆ తలుపు గూడా మూసుకుండె.

మద్దిలేటి మంచోడు. సంతకు ఎద్దుల్ని తోలుకోనొచ్చి బస్టాండు కాడ నిలబడతాడు. ఇంట్లోకి రాడు, పెద్దోళ్ళ మాట. పద్మ ఇంట్లో నీళ్ళుండంగానే కడవ ఎత్తుకోని పోతాది. ఆ పక్క ఆయప్ప, ఈ పక్క ఈ పిల్ల. నడమ ఎద్దులు. ఏం మాట్లాడుకుంటారో ఎద్దులకే తెలియల్ల.

నువ్వు నీ కాగితాల్లో మిండడంటే ఇది, ముండంటే ఇది అని రాసుకుంటాండావ్ గదా. ఇంగొకటి చెప్తా, రాసుకో.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, పొద్దుగూకితే మా అత్త అనేది: "ఒసే, నీ మిండడు సేనుకాడ్నుంచి వస్తాండాడు, కాళ్ళకు నీళ్ళియ్యి పో." తాళి కట్టిన మొగున్ని అట్లంటే నాకు సిగ్గొచ్చి గాదె ఎనక దాక్కుంటి. మీ మామ చెంబు కోసం వాకిట్లో నిలబడి నగుతాండె. ఆ మాట ఇనేదానికే నేను పొద్దు ఎప్పుడు గూకుతాదా అని చూస్తాంటి. ఇప్పుడు ఆ మాటే నన్ను ఎవురన్నా అంటే తలకాయలు పగులుతాయి. మాట ఏం మారలా. మీ మామ లేడు, అంతే.

నాతోటి శనక్కాయలు ఒలిచే ఆడోళ్ళు "ఓసి ముండా" అనే పిలిచేది నన్ను. పేరు పెట్టి పిలిస్తే ఏందీ కోపమొచ్చిందా అనుకుంటాంటి. ఆయన పోయిన పొద్దునుంచి ఒగరూ ఆ మాట అన్లేదు. అందరూ రామలక్ష్మమ్మా అంటారు. నిజమైపోయింది గదా, ఇంగ యాడ అంటారు. నీ కాగితంలో మాట యాడ పుట్టిందో ఉంటాది. అనేది మానేసింది ఎప్పుడో యాడ రాస్తావ్?

రామలక్ష్మమ్మ వేలిముద్ర

•

నంద్యాల,
16 డిసెంబరు 1956

అత్తా,

ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని మాత్రమే వ్రాయగలను. నవంబరులో రాష్ట్రం పెద్దదైంది. కర్నూలులో కచేరీలు మూటలు కట్టి హైదరాబాదుకు తరలించారు. నేను పంపిన మొదటి విడత మాటలు ఏ మూటలో ఉన్నాయో తెలియదు. బహుశా 'లంజ' అన్న మాట ఇప్పుడు ఏదో భూమి శిస్తు దస్త్రం నడుమ నలుగుతూ ఉంటుంది. అడిగితే మళ్ళీ మొదటినుంచి పంపమన్నారు.

పంపలేదు. మీరు చెప్పిన మాట ఉన్న కాగితాన్ని తీసి ముందు పెట్టుకున్నాను. 'ముండితము, అనగా తల గొరిగించినది' అని నా చేతిరాతలో ఉంది. దాని కింద ఏమి వ్రాయాలో తోచక బల్ల సొరుగులో పెట్టి మూశాను.

నా సవరణను ఉపసంహరిస్తున్నాను. 'తిట్టలేదని వాళ్ళకు కోపం' అన్నదే సరైన పాఠం. విశ్వవిద్యాలయంలో నాకు మాట ఎలా పుట్టిందో చెప్పారు. ఎవరు ఎవరిని అనవచ్చునో, ఎవరు అనకపోతే ఏమవుతుందో చెప్పలేదు. ఆ పాఠం గోతాల మీద పడుకున్నప్పుడే చెవిన పడింది. నిద్ర నటిస్తూ నటిస్తూ నిజంగానే నిద్రపోయి ఉంటాను.

పద్మ సంగతి తలచుకుంటే మెతుకు దిగడం లేదు. మళ్ళీ ఒక బంతి వేయిద్దాం. ఖర్చు నాది. మీరు మళ్ళీ ఎత్తుకోండి. నేను నోట్లో వక్క వేసుకుని కూర్చుంటాను.

మీ చెన్నకేశవులు

•

ఆళ్ళగడ్డ,
7 ఏప్రిల్ 1957

చెన్నకేశవా,

గొంతు పోయింది నాయనా. చలికాలంలో దగ్గు పట్టుకునింది. దగ్గు పోతా పోతా గొంతును గూడా ఎత్తకపాయె. ఇప్పుడు నేను మాట్లాడితే పిల్లి పాలు తాగినట్లుంటాది. టీచరమ్మ నోటికాడ చెవి పెట్టి ఇని రాస్తాంది.

శివమ్మ చిన్నకూతురి పెండ్లంట, వచ్చే నెల. మాకు అచ్చేసిన కార్డు వచ్చింది, టపాలో. మనిషొచ్చి పిలవలా. కార్డు మీద "శ్రీమతి రామలక్ష్మమ్మ గారికి" అని రాసిండారు. ఆ 'గారు' చూసి పద్మ కార్డు పొయ్యిలో పెట్టబోయింది. నేనే లాక్కుంటి. ఎట్ల పిలిచినా పిలుపే. పోతాం. బంతి వాళ్ళది, తిట్టు మనది. పాత తిట్టు యాడ తెగిందో ఆన్నుంచి ఎత్తుకోవల్ల.

ఎవురు ఎత్తుకోవల్ల? నాకు గొంతు లేదు. నాతో పాడినోళ్ళలో సగం మంది మన్నయిపోయిరి. వయసులో ఉండేటోళ్ళకు మాటలు రావు, వచ్చినోళ్ళకు సిగ్గు. దిగులుతో కూచునింటే టీచరమ్మ ఉన్నట్టుండి, "నేను పాడతా అక్కా" అనె.

"రాయమంటేనే చుక్కలు పెడతావ్ గదమ్మా, ఎట్ల పాడతావ్?" అంటి.

"రాస్తే నా చేతిరాత అక్కా. పాడితే మాట నీది, గొంతే నాది" అనె. "ఆ పిల్ల ఉత్త కడవ ఎత్తుకోని పోయేది రోజూ కిటికీలోనుంచి చూస్తాండా. ఇంగ చూడలేను."

(నిజము. — జీ.)

ఆదివారం ఆ యమ్మ వాళ్ళ గుడిలో పాడితే మన వాకిట్లో పావురాలు లేస్తాయి. అంత గొంతు. సుట్టంగాదు, చెల్లుతాదో లేదో తెలీదు. చూద్దాం.

నువ్వు మాత్రం రావద్దు. నీ మీద కోపం లేదు. నీకు తెలిసింది ఎక్కువ నాయనా. నువ్వు ఎదురుగా ఉంటే టీచరమ్మ తడబడతాది.

రామలక్ష్మమ్మ వేలిముద్ర

•

ఆళ్ళగడ్డ,
23 మే 1957

నాయనా,

ఇంట్లో నేను ఒగదాన్నే ఉండా, టీచరమ్మను పిలిపించుకోని చెప్తాండా. పద్మ లేదు. పద్మ దొర్నిపాడులో ఉండాది.

ఎట్లంటే, పెండ్లి అయినాంక ఇంటోళ్ళంతా ఆఖరి బంతిలో కూచునిరి. శివమ్మ, రంగయ్య, మద్దిలేటి, అందరూ. మమ్మల్ని చూసి మర్యాదగా పీటలు వేస్తాండారు. టీచరమ్మ తెల్లకోక కట్టుకోని నడమ నిలబడె. నేను ఎనక నిలబడి చెవిలో చెప్తాండా. రాగం మనది గాదు, వాళ్ళ ప్రార్థన రాగం మాదిరి సాగదీసింది. మాటలు మాత్రం ఒగటీ పోనీలా.

దొర్నిపాటి రంగయ్య మీసాలు చూడరే
మీసాలు దువ్వేటి పొద్దాయెనే
వాకిట్లో మొగుడంట, పెరట్లో మిండడంట
తలుపేసి తీసేటి పొద్దాయెనే

(చుక్కలు పెట్టలేదు. — జీ.)

రంగయ్య మెడ చాచి, చెవికాడ చెయ్యి పెట్టుకోని, "ఇంగోసారి చెప్పమనండమ్మా. నాకు ఎడమ చెవి ఇనబడదు" అనె. నాయనా, ఆ పొద్దు నువ్వు కోపం అనుకుండేది అదే.

ఇంగోసారి పాడింది. ఆయప్ప పక్కనోన్ని పొడిచి, "చూసినావా, మొదట నన్నే" అనె. అంతే, ఓళిగలో చెయ్యి పెట్టె. ఆయప్ప తింటే అందరూ తినిరి. శివమ్మ వంతు వచ్చినప్పుడు సాని అనేదానికి టీచరమ్మ రవ్వంత నిలబడె. నేను ఈపున గిల్లితి. అనె. శివమ్మ కండ్లు తుడుచుకోని, ఎడంచేత్తో కొంగు బిగించి లేచె. లేచి నన్ను తిట్టె, మీ నాయన్ను తిట్టె, చచ్చిపోయిన మీ మామను గూడా బతికుండేవోని మాదిరే తిట్టె. అది ఇంటాంటే నాకు ఎట్లుండెనో చెప్పలేను, చెప్పినా టీచరమ్మ రాయలేదు.

అయినాంక టీచరమ్మను చూసి, "ఈ తెల్లకోక పంతులమ్మ ఏ గంట కొట్టేటోనితో తగులుకోని వచ్చెనే" అని ఎత్తుకునిరి ఆడోళ్ళంతా. ఆ యమ్మ మొగానికి కొంగు కప్పుకోని ఒగటే నగుడు.

(నవ్వలేదు. — జీ.)

(కొంచెము నవ్వితిని. — జీ.)

పద్మను వాళ్ళు తోలకరమ్మని అన్లేదు, మేం పంపిస్తామని అన్లేదు. చేతులు కడుక్కున్నాంక చూస్తే ఆ పిల్ల వాళ్ళ వంటింట్లో గిన్నెలు సర్దతాంది. పెట్టె గూడా తీసకపోలేదు. మద్దిలేటి మొన్నొచ్చి ఎత్తకపాయె. ఈసారి ఇంట్లోకి వచ్చినాడు.

ఇల్లు సద్దు లేకుండా ఉండాది. ఎలితిగా ఉండాది గానీ బాగుండాది.

రామలక్ష్మమ్మ వేలిముద్ర

•

నంద్యాల,
17 జనవరి 1960

అత్తా,

మోకాళ్ళ బాధతో మీరు ప్రయాణం చేయలేకపోయిన పద్మ కొడుకు పుట్టువెంట్రుకల విందుకు నేను దొర్నిపాడు వెళ్ళివచ్చాను. పిల్లవాడు మామ పోలిక. వాకిట్లో మైకు కట్టి, పొద్దున్నుంచి సినిమా పాటలు వేశారు. బంతి వడ్డించే వేళకు ఆడవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడి నోళ్ళు కదుపుతూ కనబడ్డారు గాని, పాటల పెట్టె చేసే మోతలో ఒక్క మాట వినబడలేదు. అదృష్టవశాత్తు దాని బ్యాటరీ దిగిపోయింది. మిగిలిన పాట మాకు దక్కింది. మీ గొంతు ఉన్న రోజుల్లో ఏ పెట్టె అయినా సిగ్గుపడి తనంతట తానే ఆగిపోయేది.

అందరినీ తిట్టారు. జూపాడు బంగళా నుంచి ఎద్దుల బేరానికి వచ్చి, ఊరికే భోజనానికి కూర్చున్న ఒక ఆసామిని కూడా పేరు అడిగి తెలుసుకుని మరీ తిట్టారు. నా ఇస్తరి దగ్గరికి వచ్చేసరికి పాట ఆగింది. శివమ్మ గారు, "అయ్యవారు పండితులు. ఆయప్పను ఏమనొద్దండి. నెయ్యి వెయ్యండి" అన్నారు.

నెయ్యి వేశారు. అంతకుముందు రెండు విందులలోనూ ఇలాగే వేశారు. తిన్నాను.

పద్మ వడ్డిస్తూ నా ముందుకు వచ్చి, "బావా, ఇంగో ఓళిగ పెట్టమంటారా?" అని అడిగింది. అత్తా, ఆ పిల్ల ఎనిమిదేళ్ళప్పుడు మీ పంచలో నన్ను ఏమని పిలిచేదో మీకు జ్ఞాపకమే. ఆ మాటను నేను ఏ అధికారికీ పంపలేదు. 'పెట్టమంటారా' అన్న మాటకు నేను ఇంతవరకు సేకరించిన మాటలన్నిటిలో సాటిరాగల బూతు లేదు.

పట్టికను పంపడం లేదు. ఈ దిగువ అర్జీని మాత్రం జీవరత్నం గారి చేత పైకి చదివించుకుని, తగిన మనిషి ద్వారా దొర్నిపాడుకు చేర్పించవలెను. రిజిస్టరు చేయించవద్దు.

మీ మేనల్లుడు,
చెన్నకేశవులు

అర్జీ

దొర్నిపాడు శివమ్మ గారి సముఖానికి నంద్యాల చెన్నకేశవులు దాఖలు చేసుకునేది. నకలు పద్మమ్మకు.

1. 1955 పెండ్లి బంతిలో అర్జీదారు చేసిన వ్యాఖ్యానం యావత్తూ ఇందుమూలంగా రద్దయినది. ఆనాడు ఆ మాటలకు తమరు ఏమి అర్థం చేసుకున్నారో అదే అర్థం.

2. అర్జీదారుకు పండితుడనే పేర ఇస్తూ వచ్చిన మినహాయింపును, అదనపు నెయ్యితో సహా, వెంటనే తొలగించవలెను.

3. రాబోయే బంతిలో మైకు ఆపించి, అర్జీదారును ఊరి పేరు, తండ్రి పేరు చెప్పి, నలుగురూ వినేటట్టు తిట్టవలెను. ఏ మాటతో తిట్టవలెనన్నది మరదలు పద్మమ్మ ఇష్టం.

4. ఆ మాట ఏదైనా సరే, దాని అర్థం అర్జీదారుకు తెలియదు.